వినే రకం

“ఈ పిల్ల శనివారం పరీక్ష తప్పుతుంది. తప్పాక ఇక కత్తెర ముట్టుకోదు. నాకు తెలుస్తూనే ఉంది,” అంది ఆమె, మిషను మీద నుంచి తల ఎత్తకుండా.

గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. కుళాయిలు, పైపులు బాగుచేసే పని అతనిది. ఈ వీధిలో పని పడినప్పుడల్లా అక్క ఇంట్లో టీ తాగకుండా పోడు.

“ఇవాళ మంగళవారమే కదక్కా. వాళ్లింకా ప్రశ్నలైనా రాసుకోలేదు, నువ్వు ఫలితాలు చెప్పేస్తున్నావు.”

“నీకు నవ్వులాటగా ఉంది. ఇది చూడు.”

బల్ల కింది నుంచి రెండు గుడ్డముక్కలు తీసి అతని ఒళ్లోకి విసిరింది. చొక్కా చేతులు. అతను వాటిని ఎత్తి, వెలుతురుకి పట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

“బాగానే ఉన్నాయి కదా. సరిగ్గా ఒక్కలాగే ఉన్నాయి.”

“అదే నా ఏడుపు. ఒక్కలాగే ఉన్నాయి. రెండూ ఎడమవే.”

తమ్ముడు నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. గుడ్డని మడత పెట్టి ఒకేసారి కత్తిరిస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. విడిగా పరిచి, ఒకే ముఖం పైకి పెట్టి, రెండుసార్లు కత్తిరిస్తే ఇదిగో, ఇలా అవుతుంది. ఆ సంగతి ఎవరైనా చేసి చూపిస్తే రెప్పపాటులో తెలుస్తుంది. ఆరు నెలలుగా కటింగ్ కోర్సు చదువుతున్న పిల్లకి తెలియలేదంటే, చదువు దారిలో ఎక్కడో జారిపోతోందన్నమాట.

“ఏదీ, మన నిదానం?” అన్నాడు తమ్ముడు.

పిల్లని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. అన్నం తిన్నా నిదానమే, జడ వేసుకున్నా నిదానమే. లోపలి గదిలో గోడకి ఆనుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి.

“చూశావా? జపం చేస్తున్నట్టు లేదూ,” అంది తల్లి గొంతు తగ్గించి. “దూరం చదువంటే పుస్తకాలొస్తాయి, బొమ్మలొస్తాయి అనుకున్నాను. చేరిన కొత్తలో ఫోన్‌లో ఏదో పరీక్ష పెట్టి, ఇది వినే రకం అని తేల్చారట. అప్పట్నుంచీ పాఠాలన్నీ చెవిలోనే. చొక్కాని చెవిలో పోస్తే వస్తుందా చెప్పు.”

“రకాలా?”

“మూడు రకాలంట. చూసే రకం, వినే రకం, చేసే రకం. ఎవరి రకాన్ని బట్టి వాళ్లకి పాఠమంట.”

“నేను పైపులు బిగించడం నేర్చుకున్నప్పుడు నా రకమేమిటని ఎవరూ అడగలేదు.” తమ్ముడు లేచి దులుపుకున్నాడు. “తిట్లు తినే రకం అయ్యుంటాను. అక్కా, నువ్వు దాన్ని కాస్త వదిలెయ్యి. పదో తరగతిలో కూడా ఇలాగే ముందే ఏడ్చావు.”

“ఏడ్చాను. తప్పింది కదా?”

 పనిముట్ల సంచి భుజాన వేసుకుని, లోపలికి చూసి చెయ్యి ఊపాడు. కళ్లు మూసుకున్న పిల్లకి అది కనబడలేదు.

*

తల్లీ కూతుళ్లిద్దరూ పనిచేసేది బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో. తల్లి మిషను మీద, కూతురు గుండీల దగ్గర. షెడ్డు చివర పొడుగాటి కటింగ్ బల్ల ఉంది. దాని దగ్గర పాతికేళ్లుగా నిలబడ్డ మాస్టరుకి చూపు మందగించింది. ఈ నెలాఖరుకి మానేస్తున్నాడు. సర్టిఫికెట్టు తెస్తే ఆ బల్ల నీ కూతురికిస్తాను, లేకపోతే బయటి మనిషిని పెట్టుకుంటాను అని యజమాని ఇద్దరి ముందూ అన్నాడు. శనివారం పరీక్ష తప్పితే మళ్లీ ఏడాదికి గాని పెట్టరు. ఏడాది వరకూ బల్ల ఆగదు. అంతకంటే ఆమెని తినేస్తున్న భయం వేరే ఉంది. పదో తరగతి తప్పిన తర్వాత ఆ పిల్ల రెండేళ్లు పుస్తకం వైపు చూడలేదు. ఎవరు పలకరించినా తలుపు వెనక్కి వెళ్లిపోయేది. ఇప్పుడు మళ్లీ తప్పితే ఆ తలుపు వెనక నుంచి ఇక రాదు.

బుధవారం మధ్యాహ్నం అన్నాల వేళ కూతురి చెవిలోంచి ఒక తీగ లాగి తన చెవిలో పెట్టుకుంది.

తేనె పూసినట్టున్న ఆడగొంతు. “ఛాతీ కొలతను నాలుగుతో భాగించండి. దానికి ఒకటిన్నర అంగుళం కలపండి. ఒకటో బిందువు నుంచి రెండో బిందువుకు గీత గీయండి. ఇప్పుడు అక్కడి నుంచి చంక వంపును మృదువుగా తిప్పండి.”

“మృదువుగా అంటే ఎంతే?”

కూతురు భుజాలు ఎగరేసింది.

“ఆ ఒక్క మాటలోనే చొక్కా పాడైపోతుంది. ఈవిడ కత్తెర పట్టుకున్న మనిషి కాదు. కాగితం చూసి చదువుతోంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని నాది, నాకు తెలీదా.”

పక్కనే ఇస్త్రీ బల్ల దగ్గరి ఆవిడ నవ్వింది. ఆమె కూడా అదే కోర్సులో చేరింది, పిల్లని ఇంట్లో అత్తగారికి అప్పజెప్పి. “మీకు గొంతైనా ఉందక్కా. నన్ను చూసే రకంలో వేశారు. అన్నీ బొమ్మలే. ఏది ముందో ఏది వెనకో చెప్పే దిక్కు లేదు. చూడండి.”

ఫోను ఇటు తిప్పింది. తెల్లటి తెర మీద నీలం గీతలు, బాణాలు, అంకెలు. చంక వంపు ఎంత లోతుగా వస్తుందో, ముందు భాగాన్ని వెనక భాగం కంటే కత్తెర ఎంత లోపలికి తినాలో చుక్కల గీతతో సహా ఉంది. తల్లి ఒక్క చూపులో చదివేసింది.

“ఇదేగా కావలసింది. దీన్ని దాచిపెట్టి మా పిల్లకి పాటలు వినిపిస్తున్నారా?”

“మీ పిల్ల పాఠాలు నేను వింటానక్కా. నా బొమ్మలు తను చూస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక చదువవుతుంది.”

ఆ మాటకి నిదానం మొదటిసారి తలెత్తి నవ్వింది. తల్లికి మాత్రం ఈ ఏర్పాటు వెనక ఏదో మోసం కనబడింది. సగం పాఠం ఒకరికి, సగం పాఠం ఇంకొకరికి. పని తగ్గించుకోవడానికి పరీక్ష అనే పేరు పెట్టి ఉంటారు. ఎవరి చేతిలోనూ మొత్తం చొక్కా లేదు.

ఫోను తీసుకుని కూతురి పక్కన చతికిలబడింది. “ఇదిగో, ఇది భుజం. ఇక్కడి నుంచి కిందికి దిగుతావు. ఇక్కడ ఆగుతావు. ఆగి, ఇలా లోపలికి. నీకు బొమ్మ చూస్తే ఎక్కదు గానీ నేను చెబుతాను, విను. ముందు భాగం అరంగుళం ఎక్కువ తినాలి. అర్థమైందా?”

తల ఊపింది.

“ఎందుకు తినాలి?”

తల ఊపడం ఆగింది. సమయానికి షెడ్డులో గంట కొట్టారు. పిల్ల గుండీల డబ్బా దగ్గరికి వెళ్లి, సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగింది. తల్లి ఆ వీపు చూస్తూ నిలబడింది. తల ఊపింది అర్థమయ్యా, లేక నేను నోరు మూసుకుంటానని ఊపిందా? ఇంతకాలంగా చూస్తున్న పిల్ల. ఆ ముక్క కూడా తేల్చుకోలేకపోయింది.

*

గురువారం ఒంటిపూట సెలవు పెట్టి, కూతుర్ని ఆ కోర్సు నడిపే కేంద్రానికి తీసుకెళ్లింది. ఫోటోలు తీసే దుకాణం పైన రెండు గదులు. మెట్ల మీద చెప్పులు, గోడ మీద అర్ధవృత్తంలో నవ్వుతున్న విద్యార్థుల బొమ్మ. బస్సు దిగినప్పటి నుంచీ ఆమె మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. ఇలాంటి చోట్ల ముందు కాగితం అడుగుతారు, తర్వాత వేరే గదికి పొమ్మంటారు, చివరికి భోజనానికి వెళ్లారంటారు.

అలా ఏమీ జరగలేదు. కేంద్రం చూసుకునే మేడమ్ ఒక్కతే కూర్చుని దస్త్రాలకి దారం కడుతోంది. కళ్లజోడు మెడలో వేలాడుతోంది.

“మా అమ్మాయి వినే రకం కాదు మేడమ్. మీ పరీక్ష తప్పు,” అంది తల్లి కూర్చోకుండానే.

“కూర్చోండమ్మా. అందరూ ఆ మాటే అంటారు. పరీక్షలో మీరు నొక్కిందే బయటికొస్తుంది. దానికి సొంత తెలివేమీ లేదు.”

“అయితే మళ్లీ పెట్టండి. నా కళ్లముందు పెట్టండి.”

మేడమ్ గడియారం వైపు చూసింది. వాదించే ఓపిక లేనట్టు లేచి, మూల ఉన్న కంప్యూటరు వెలిగించింది. నిదానం కుర్చీలో కూర్చుంది. తల్లి ముక్కాలి పీట లాక్కుని, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది.

మేడమ్ మొదటి ప్రశ్న చదివింది. “కొత్త చోటికి దారి తెలుసుకోవాలి. పటం చూస్తారా, ఎవరినైనా అడుగుతారా, నడుస్తూ కనుక్కుంటారా?”

“ఇదెక్కడ అడుగుతుంది మేడమ్, దీనికి మొహమాటం. నేనే అడుగుతాను. అడగడం పెట్టు.”

పిల్ల అడగడం నొక్కింది.

“మనిషిని ఒకసారి కలిశాక మీకు గుర్తుండేది మొహమా, పేరా, వాళ్లతో కలిసి చేసిన పనా?”

“దీనికి మొహాలు గుర్తుండవు. మొన్న పక్కింటావిడ ఎదురొస్తే పలకరించలేదు. పేరు పెట్టు.”

పేరు నొక్కింది.

“కొత్త యంత్రం కొన్నారు...”

“పక్కన కూర్చుని చెబితే వింటుంది. తనంతట తను ముట్టుకుంటే ఏదో ఒకటి విరగ్గొడుతుంది. రెండోది.”

పిల్ల వేలు రెండోదాని మీదికి వెళ్లింది. నొక్కే లోపల మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లజోడు ఎత్తి పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మొదటిసారి ఈ ప్రశ్నలకి ఎవరు జవాబులు చెప్పారమ్మా?”

“ఇదే. దాని ఫోన్‌లోనే కదా.”

మేడమ్ పిల్ల వైపు తిరిగింది. పిల్ల మేజా అంచు మీద లేని దుమ్ము తుడిచింది.

“నేను చదివాను,” అంది. “అమ్మ మిషను మీద ఉంది. అమ్మ చెప్పింది పెట్టాను.”

“నేనెప్పుడు...” అని ఆగిపోయింది తల్లి.

గుర్తొచ్చింది. నిక్కర్ల అంచులు మడిచే హడావుడిలో ఉన్న రోజు. పుట్టిన తేదీ ఎంత, ఇంటి నంబరెంత, తండ్రి పేరు మొదట రాయాలా ఇంటిపేరు మొదటా అని ఒకటే అడగడం. ఆ వరసలోనే ఇవీ వచ్చాయి. పాఠం చూస్తావా, వింటావా. రెండోది పెట్టవే. ఇదీ రెండోదే. నీకు బొమ్మలు ఎక్కడ ఎక్కుతాయి, రెండోదే పెట్టు, అవతల నాకు దారం తెగింది. ఇంట్లో కాగితం ఏదొచ్చినా, రేషనుదైనా బడిదైనా ఆసుపత్రిదైనా, ఆమె చెప్పాలి, మిగతావాళ్లు నింపాలి.

“ఫారం అనుకున్నాను మేడమ్,” అంది.

మేడమ్ వసారా వైపు చెయ్యి చూపించింది.  “మీరు కాసేపు బయట కూర్చోండమ్మా,” అంది మెల్లగా.

వసారాలో అద్దం తలుపుకి ఇవతల బల్ల మీద కూర్చుంది. ఆరు నెలలుగా ఎవరెవరిని అనుమానించిందో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఈ కేంద్రాన్ని, ఆ తేనె గొంతుని, యజమానిని, చివరికి కళ్లు మూసుకుని కూర్చున్న పిల్లని కూడా. చెవుల్లో తీగలు పెట్టుకుని నిద్రపోతోందని ఒకరోజు నెత్తి మీద మొట్టింది. ఆ రోజు కూడా పిల్ల ‘ఇదంతా నీ వల్లే’ అనలేదు. ఎందుకనలేదు? అమ్మ చెబితే అది నిజమే అయ్యుంటుందనుకుందా?

అద్దంలోంచి చూసింది. పిల్ల వేలు మీటల మీద ఆడుతోంది గానీ నొక్కడం లేదు. ఒకసారి తలుపు వైపు తిరిగింది. తల్లి పెదవులు ఏదో చెప్పబోతున్నట్టు కదిలాయి. ఆమె చప్పున మొహం తిప్పుకుని మెట్ల వైపు చూస్తూ కూర్చుంది. అంత కష్టమైన పని ఆమె మిషను మీద కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

చాలాసేపయింది. తలుపు సందులోంచి మేడమ్ గొంతు వినబడింది.

“తొమ్మిదో ప్రశ్న దగ్గరే ఆగిపోయావేమ్మా. ఏదో ఒకటి నొక్కు, లేకపోతే అది ముందుకి పోదు.”

“ఈ ప్రశ్న దేని గురించి అడుగుతోంది మేడమ్?”

“అంటే?”

“నేర్చుకోవడం అంటోంది. ఏం నేర్చుకోవడం? కొలతల లెక్కయితే చెబితే చాలు. వంపయితే చూడాలి. చెయ్యి అతకడం చూసినా రాదు, విన్నా రాదు, విప్పి మళ్లీ కుడితేనే. ఒకటే నొక్కమంటే ఏం నొక్కను?”

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట తల్లి ఎప్పుడూ వినలేదు. లేచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు.

మేడమ్ కుర్చీ వెనక్కి వాలింది. “నేనూ చేశాను ఈ పరీక్ష. మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వచ్చింది. జలుబు చేసిన రోజున చేసే రకం అని వచ్చింది, ముక్కు చీదుకోవడం తప్ప చేసిందేమీ లేదు.” తనలో తనే నవ్వుకుంది. “పై నుంచి పంపారు, మేం పెడుతున్నాం. దీనివల్ల ఎవరైనా బాగా నేర్చుకున్నట్టు నేనైతే చూడలేదు. మూడు రకాల పాఠాలూ తెరిచే వీలు నాకుందమ్మా. అడిగిన వాళ్లకి తెరుస్తాను. ఎవరూ అడగరు.”

“అడగొచ్చని ఎవరు చెప్పారు మేడమ్?” అంది తల్లి తలుపు దగ్గర నుంచే.

మేడమ్ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. “అదీ నిజమే,” అని కంప్యూటరు వైపు తిరిగి ఏవో మీటలు నొక్కింది. పరీక్ష తొమ్మిదో ప్రశ్న దగ్గరే మూసుకుపోయింది. పిల్ల ఫోను టింగుమంది.

మెట్లు దిగుతూ నిదానం అంది, “మేడమ్‌ని ఇంకో మాట అడిగాను. ఇస్త్రీ అక్కకి కూడా తెరిచారు.”

*

శుక్రవారం పిల్లకి సెలవు పెట్టించింది. తనూ పెట్టింది. గదిలో నేల మీద పాత పేపర్లు అతికించి పరిచారు. నిదానం మధ్యలో మోకాళ్ల మీద కూర్చుంది. చుట్టూ స్కేలు, టేపు, సుద్దముక్క, కత్తెర. గోడకి ఆనించిన ఫోన్‌లో ముందు బొమ్మ పెట్టింది, చూసింది. తర్వాత గొంతు పెట్టింది, సగంలో ఆపింది. ఆ తర్వాత ఒక మనిషి చేతులు మాత్రం కనిపించే పాఠం పెట్టింది. ఆ చేతులు చాలా వేగంగా ఉన్నాయి. వెనక్కి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, మూడోసారి ఆపేసి పెన్సిలు పట్టుకుంది.

తల్లి కిటికీ కింద అంచులు మడుస్తోంది. భుజం గీత గీస్తున్నప్పుడే కనబడింది ఆమెకి, వాలు చాలలేదని. నోరు తెరిచింది. తెరిచిన నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. ఒకటి, రెండు, నాలుగు. పెదవుల మధ్య సూదులుంటే మాట రాదు. కుట్టుపని చేసేవాళ్ల నోళ్లు ఊరికే ఉండడానికి అదొక్కటే మార్గం.

పిల్ల కత్తిరించింది. ముందు భాగం, వెనక భాగం భుజం దగ్గర కలిపి అతికించి, ఆ కాగితం చొక్కాని తన మీదే పెట్టుకుని చూసుకుంది. భుజం చివర కాగితం లేచి నిలబడింది. వేలితో నొక్కింది. మళ్లీ లేచింది. తల్లి పళ్ల మధ్య సూదులు కరకరలాడాయి. చెప్పెయ్యి, వాలు పెంచమని ఒక్క మాట చెప్పెయ్యి, రేపు అక్కడ నువ్వుండవు. అదే మాట ఇంకోవైపు నుంచీ వినబడింది. రేపు అక్కడ నువ్వుండవు.

నిదానం కాగితాన్ని అద్దం ముందుకి తీసుకెళ్లింది. లేచిన చోట చిటికెతో మడత పెట్టింది. ఆ మడత ఎంత ఉందో టేపుతో కొలిచింది. ముప్పావు అంగుళం. తిరిగొచ్చి, కొత్త కాగితం మీద భుజాన్ని ముప్పావు అంగుళం కిందికి దించి గీసింది. ఇంకోసారి కత్తిరించింది. ఇంకోసారి పెట్టుకుంది. ఈసారి కాగితం భుజం మీద పడుకుంది. దాన్ని చూసి పిల్ల నవ్వలేదు, తల్లికి చూపించనూ లేదు. చంక దగ్గర పని మొదలుపెట్టింది.

తల్లి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఈ పిల్లకి చెబితేనే ఎక్కుతుందని మొట్టమొదట ఎవరితో అన్నదో గుర్తుచేసుకోబోయింది. గుర్తు రాలేదు. ఏ చంటితనంలోనో, ఎవరో అడిగితే ఏదో ఒకటి చెప్పాలని అని ఉంటుంది. ఆ తర్వాత దాన్నే అంటూ వచ్చింది. ఒక్క ఏడాదైనా నిజమో కాదో చూద్దామనుకోలేదు.

భయం మాత్రం పోలేదు. రేపు కొత్త హాలు, కొత్త కత్తెర.  ఎవరో గద్దిస్తే పిల్ల బిగుసుకుపోవచ్చు. బస్సు ఆలస్యం కావచ్చు. పదో తరగతి పరీక్షలప్పుడు గేటు బయట మూడు గంటలు నిలబడింది తను, కిటికీలోంచి కనబడేలా. కనబడితే ధైర్యమనుకుంది.

“రేపు నేను నీతో రావాలా, వద్దా?” అని అడిగింది.

ఆ మాట అన్నాక తనకే కొత్తగా ఉంది. ఇంతవరకూ అడిగిన సంగతి కాదది. వెళ్లడమే.

 ముందు భాగం చంక వంపు గీస్తోంది నిదానం. పెన్సిలు ఆగకుండా, ఊపిరి బిగబట్టి తిప్పింది. కత్తెర తీసుకుంది. రావాలనే అంటుంది అనుకుంది తల్లి. వద్దంటే ఎలా అనుకుంది. వినబడలేదేమో, మళ్లీ అడుగుదామా అనుకుంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది, ‘వస్తాలే, నీకు దారి తెలియదు’ అని. మింగింది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేసి వెళ్లిపోయారు. ఎండ కిటికీ దాటి పేపర్ల మీదికి జరిగింది. కత్తెర వంపు చివరి వరకూ వెళ్లి, ముక్క విడిపోయింది. పిల్ల దాన్ని ఎత్తి, అంచుల మీద వేలు పోనిచ్చి, పక్కన పెట్టింది. కాగితం చెత్త ఒక దగ్గరికి ఊడ్చింది. మోకాళ్లు నొక్కుకుంటూ లేచింది.

“బస్సు ఎక్కేదాకా రా అమ్మా,” అంది. “బస్సులోకి వద్దు.”